పొగబండి కొట్టం ముందు

శనివారం రాత్రి, అమలాపురం.

రేపు మలికిపురంలో వాక్యం చెప్పాలి. బొమ్మ పొగబండికి కొట్టం పూర్తయింది గాని, దాన్ని తీసుకెళ్ళాలో వద్దో తేలడం లేదు.

కాలవ లాకులు చూసే దొరగారి దగ్గర చూసిన పొగబండి కొట్టం పటాన్ని బట్టి నెల్లాళ్ళుగా కర్రతో చెక్కేను. బండి నిలిచే కొట్టం, బొగ్గు గది, బూడిద దింపే గొయ్యి, నాలుగు పుల్లల మీద కొబ్బరి చిప్పతో నీళ్ళ తొట్టి. అంత బలమైన బండి కూడా బూడిద దింపుకుని నీళ్ళు పట్టుకుంటే గాని కదలదు, పాపం దింపుకోని మనిషీ అంతేనని వాక్యంలో చూపిద్దామని నా ఆశ.

పొద్దున్న చేపలు తెచ్చిన పోలమ్మ ఆ కొట్టం గుమ్మంలో రెండు నందివర్ధనాలు పెట్టింది.

"గుడి బాగా కట్టేరండి. ఏ సామిదండీ?" అంది.

"గుడి కాదు, పొగబండి కొట్టం. పువ్వులు తియ్యి" అని కసిరేను.

"ఆయ్, తీసేస్తానండి. నేనెప్పుడొచ్చినా మీరు దీని ముందే మోకాళ్ళ మీదుంటన్నారు గదా, అందుకనుకున్నానండి."

మొన్న కొత్తపేట సంతలో చెక్కకి మొక్కేవాళ్ళని గొంతు పోయేలా తిట్టింది నేనే. బైబిల్లో చెక్కిన రూపమేదీ చేసుకోవద్దన్న ఆజ్ఞ తీసి మళ్ళీ చదివేను. అందులో పొగబండి మాట లేదు. లేదని ఊరట కలిగినందుకు ఇంకా భయమేసింది.

ఇందాక, అవసరమైతే కొట్టాన్ని పగలగొడదామని గొడ్డలి పక్కన పెట్టుకుని ప్రార్థనకి మోకరించేను. కళ్ళు మూసుకోగానే నీళ్ళ తొట్టికి ఒక కాలు పొట్టిగా ఉన్న సంగతి గుర్తొచ్చింది. ప్రార్థన సగంలో ఆపి, దాని కింద చిన్న చెక్కముక్క దూర్చేను. తొట్టి తిన్నగా నిలబడింది. నేను మాత్రం ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాను, దాని వైపే తిరిగి.