నడుస్తోందా అని అడిగావు

అమ్మా, అందరం కులాసానే, కంగారు పడకు.

ప్రతి కార్డులోనూ "పిల్ల నడుస్తోందా?" అని అదే ప్రశ్న! సెరిబ్రల్ పాల్సీ మందేస్తే తగ్గే జ్వరం కాదని డాక్టరు నీ ఎదురుగానే చెప్పాడు కదా. వాకరు పట్టుకుని నిలబడుతోంది, నాలుగడుగులు వేస్తోంది. అంతే.

నిన్న బడిలో దాన్ని ఫుట్‌బాల్ గోల్ కీపర్ని చేశారు. ఈ మహాతల్లి గోల్ మధ్యలో వాకరు చక్రాలకు బ్రేకు వేసి నిలబడింది. వచ్చిన బంతల్లా వాకరుకే తగిలి వెనక్కి పోయింది. అవతలి కెప్టెన్ "బండి అడ్డం పెట్టి తొండి ఆడుతోంది" అని గోల చేస్తే, ఆ బండే వాడి కాలి మీదికి ఎక్కించింది. ఆటల మాస్టారు దీన్ని గీత బయట నిలబెట్టారు.

కబురొస్తే సగం కుట్టిన చొక్కా మిషను మీదే వదిలేసి పరిగెత్తాను. హెడ్మిస్ట్రెస్ "పాపం, అలాంటి పిల్లని శిక్షించాం, ఏమీ అనుకోకండి. ఇకనుంచి ఆటల పీరియడ్‌లో లైబ్రరీలో కూర్చోబెడతాం" అంది. నాకు ఒళ్లు మండింది. "మాస్టారు చేసిందే సబబు. రేపూ ఆడించండి. తప్పు చేస్తే రేపూ బయట నిలబెట్టండి" అనేసి వచ్చాను.

అక్క కొడుక్కి బిగుతైపోయిన పాత బూట్లుంటే దీనికి పంపు. దీనివి ముందువైపు ఈడ్చి ఈడ్చి అరిగిపోయాయి. నాన్నకి దగ్గు తగ్గిందా? ఆయనకు నమస్కారాలు, అక్క పిల్లలకు ముద్దులు.

నీ చిన్నమ్మాయి

చిరునామా పక్కన కాస్త జాగా మిగిలింది. ఇంకోసారి నడుస్తోందా అని రాశావో, జవాబు రాయను. గోల్ ఆపిందా అని అడుగు. గీత బయటికి పంపేదాకా ఒక్కటీ పోనివ్వలేదు.