లచ్చవ్వ టిఫిన్ డబ్బా

2008 మార్చి, బుధవారం రాత్రి

పసుపు ఉడకబెట్టడం ఇవాళ్టితో అయిపోయింది. ఆఖరి రోజు కూలీలకు కోడికూర పెట్టడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఈసారి మా ఆయన వద్దన్నాడు.

"టీవీల చూస్తలేవా? తిండిగింజలకు కరువొస్తదట. కోళ్లు తినే మక్కలు మనుషులకు పెడితే ఎంతమంది బతుకుతరు! ఇగ మనింట్ల కూరగాయలే."

పప్పే వండాను. కూలీల పక్కన కూర్చుని తనూ అదే తిన్నాడు. నిజంగానే మారాడేమో అనుకున్నాను. వాళ్లింకా చేతులు కడుక్కోలేదు, కోళ్లఫారం వ్యాను వచ్చి మా మొక్కజొన్న బస్తాలు ఎక్కించుకుంది.

"గవి కోళ్లకే గదా?" అన్నాను.

"అమ్ముడు వేరు, తినుడు వేరు" అంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఈయన భయం కరువు గురించా, కోళ్ల ఖర్చు గురించా? పోయిన వారం జక్రాన్‌పల్లి దావత్‌లో రెండుసార్లు మటన్ అడిగి వేయించుకున్నప్పుడు ఈ కరువు ఎక్కడికి పోయిందో!

కూలీల్లో పెద్దది లచ్చవ్వ. మనవరాళ్లకు కూర తీసుకుపోదామని టిఫిన్ డబ్బా తెచ్చుకుంది. అందులో పప్పు పోయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు బిడ్డా. మా ఇంట్ల రోజూ గదే ఉంటది."