అవ్వ నడుము మీద నీ పాదం

కర్నూలు, ఆసుపత్రి వరండా
బుధవారం, 12 నవంబర్ 2025

చిరంజీవి మనవరాలు ప్రసన్నకుమారికి, తాత సుందరం ప్రభువు పేరున దీవించి వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఆ మాటకు చెయ్యి రావడం లేదు. కడపలో నీ నర్సు చదువుకు పోతున్నావో లేదో, తింటున్నావో లేదో తెలియదు. ఫోను ఎత్తవు. ఎత్తినా ఫోనులో నాకు మాట రాదు. అందుకే ఈ కాగితం.

అవ్వను కోడుమూరు నుంచి ఇక్కడికి తెచ్చినాము. గిల్లితే తెలుస్తుంది, కాళ్ళు కదపమంటే కదలవు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుము పట్టు విడుస్తుందని మన ఊరి నమ్మకం. చిన్నప్పటి నుంచి ఎంతమందిని తొక్కినావు! పెద్ద ఈరన్న "మెల్లగా పాపా, గోడ పెట్టే మట్టి అనుకున్యావా" అని అరిచేవాడు, మళ్ళీ వచ్చేవాడు. ఆదివారం అవ్వను తొక్కినావు. సాయంత్రానికి ఆమె కాళ్ళు పడిపోయినాయి. నా వల్లే అని ఏడుస్తూ బస్సెక్కినావు. నేను గుమ్మంలోనే నిలబడిపోయినాను.

డాక్టరమ్మ నడుము స్కానింగ్ ఫిల్ము చూపించింది. పత్తికొండ మార్కెట్లో అవ్వ టమోటా బాక్సులు పేర్చేది కదా, వెన్నెముకా అట్లాంటిదే. ఎముక మీద ఎముక, నడుమ మెత్తలు, వెనక సందులో నరాల తాడు. అవ్వకు రెండు ఎముకలు నలిగి, పైవి ముందుకు ఒరిగినాయి. ఎముకకు టీబీ అంట. దగ్గు లేకున్నా వస్తుందంట. ఆమె వంగి నడిస్తే వయసు అనుకున్నాము. సాయంత్రం ఒళ్ళు కాలితే ఎండ అనుకున్నాము. లోపల చీము చేరి ఆ తాడును నొక్కింది. పాప తొక్కినందుకేనా అని అడిగినాను. తొక్కించుకోవడం తప్పే, కానీ ఎముకను తినింది పాప కాదు, కాళ్ళు ఎట్లైనా పడిపోయేవి అని చెప్పింది.

శుక్రవారం ఆపరేషన్. ఆలస్యమైతే కాళ్ళు రావంటున్నారు. అవ్వ వేలిముద్ర వేయడం లేదు. "యాడ నా పాప? దాని మొగం చూడందే ఆ బల్ల ఎక్కను" అని మొండికేసింది. పక్క మంచం సోమక్క "ఏమక్కా, నీకు డాక్టరమ్మ కావల్నా, మనవరాలు కావల్నా" అని ఎత్తిపొడిస్తే, "నా పాప సూది పట్టినాక మొదట నిన్నే పొడిపిస్తా, ఉండు" అనింది. నవ్వింది కానీ వేలు ఇవ్వలేదు.

ఈ ఉత్తరం తెచ్చే జయరాజ్ మన సంఘం వాడే, కడప బస్సు డ్రైవరు. రేపు అదే బస్సులో రా తల్లీ.

నీ తాత
సుందరం

తా.క. అవ్వను ఇంకో ఫిల్ముకు తీసుకుపోయినారు. ఆమె లేనప్పుడే ఇది వ్రాస్తున్నాను. చెప్పవద్దని నా దగ్గర మాట తీసుకుంది.

నీవు ఎదురుకాళ్ళతో పుట్టలేదు. అందరి మాదిరే తల ముందు వచ్చింది. నీ కాన్పులో మీ అమ్మ రెజీనా పోయింది. తల్లిని మింగిన బిడ్డ అని నిన్ను ఎత్తుకోవడానికే ఊరు జంకింది. కాన్పు చేసింది అవ్వే కాబట్టి ఆమె చెప్పిందే మాట. ఎదురుకాళ్ళ బిడ్డ అని చెప్పింది. ఆ జంకినవాళ్ళే నీ పాదం కోసం మన గడప ముందు కూర్చున్నారు.

ఆదివారం ప్రార్థన అయినాక గుడి దగ్గర అవ్వను చూసి "ఇంట్లో పాపను పెట్టుకొని మూలుగుతాండావేమి వరమ్మా" అని అడిగినారు. నీ పాదంలో ఏమీ లేదని తెలిసే అందరి ముందు బోర్లా పడుకుంది. నీవు తొక్కేటప్పుడు చాప కొసను పండ్లతో పట్టుకొని ఉండింది. నేను చూసినాను. పైకి మాత్రం "ఇప్పుడు హాయిగా ఉండాది పాపా" అనింది.