నాలుగు వేళ్ల పరుపు

నిజామాబాద్,
18 నవంబర్ 2024

ప్రియమైన బాపుకు,

వందనాలు. ఉత్తరం వచ్చిందని కంగారుపడకు. ఒంట్లో బాగానే ఉంది. ఈ సంగతి ఆదివారం ఫోన్‌లో చెప్పే వీలు లేదు. హాస్టల్ ఫోన్ దగ్గర నా వెనక పద్దెనిమిది మంది నిలబడతారు. రెండు నిమిషాలు కాగానే "అయిపాయె, జరుగు జరుగు" అని జడ పట్టి లాగుతారు. అలాంటి చోట మనసులో మాట ఎలా చెప్పను?

ముందు మంచి వార్త. ఫిబ్రవరిలో హిమాలయాల దగ్గర ఏడు రోజుల గుడారాల శిబిరం ఉందట. మా గురుకులం నుంచి పన్నెండు మందిని తీసుకుపోతారు. మా ఆటల టీచర్ పుష్పలత మేడమ్ ఇరవై మంది పేర్లు రాసింది. తొమ్మిదో తరగతి నుంచి నా పేరు, నా పక్క మంచం కావ్య పేరు ఉన్నాయి. మంచు ముట్టుకోవచ్చు బాపూ. ఫ్రిజ్‌లోది కాదు, కొండ మీది మంచు.

ఇప్పుడు అసలు చిక్కు. డిసెంబర్ 14న పరీక్ష. ఆ రాత్రి బడి మైదానంలో గుడారాలు వేసుకుని నేల మీద పడుకోవాలి. తెల్లారి సంచి భుజాన వేసుకుని ఆరు కిలోమీటర్లు నడవాలి. "పొద్దుగాల ఎవ్వలు కుంటిన్రో వాళ్లు ఈడనే ఉంటరు. కొండల్ల ఎవ్వల్ని ఎత్తుకోను నాతోని కాదు" అంది మేడమ్. అంటూ నా కాలు వైపే చూసింది.

విరిగిన ఎడమ కాల్లోంచి రాడ్ తీసేశాక డాక్టరు ఏమన్నాడో నీకూ తెలుసు. "ఎముక గట్టిపడింది, ఇక పరుగెత్తు" అన్నాడు. పరుగెత్తుతూనే ఉన్నాను. కానీ నీకొక మాట దాచాను. చెరుకు ట్రాలీ వెనక పడ్డప్పటి నుంచి, ఈ రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా ఎడమ పక్కకు తిరిగి పడుకోలేదు. తిరిగితే లోపల మళ్లీ ఏదో విరుగుతుందని భయం. హాస్టల్‌లో గోడ వైపు తిరిగి, వెనక దిండు అడ్డం పెట్టుకుని నిద్రపోతాను. గుడారంలో దిండ్లూ ఉండవు, గోడా ఉండదు. ముగ్గురం ఇరుక్కోవాలి. నిద్రలో ఎటు తిరుగుతానో నాకేం తెలుసు? పొద్దున్నే కాలు పట్టేస్తే నా పని అయిపోయినట్టే.

కింద వేసుకునే పరుపు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. చుట్ట చుట్టేది, మడత పెట్టేది, గాలి ఊదేది, ఇలా రకరకాలు ఉన్నాయట. బోధన్‌లో నీ అంత బాగా సీట్లు కుట్టేవాళ్లు లేరు కదా. నా కాలికి ఏది సరిపోతుందో నువ్వే చూసి ఎంచు. అవ్వకు మాత్రం చెప్పకు. చెబితే, కన్నతల్లి కదా, శిబిరం సంగతి అటుంచి, హాస్టల్ నుంచే తీసుకుపోతుంది.

ఆశతో, కొంచెం భయంతో,
నీ ఎస్తర్

---

బోధన్,
28 నవంబర్ 2024

నా బంగారు బిడ్డ ఎస్తర్‌కు,

బాపు దీవెనలు. ఉత్తరం దుకాణం చిరునామాకు రాసి మంచి పని చేశావు. ఇంటికి వచ్చి ఉంటే మీ అవ్వ నాకన్నా ముందు చదివేది.

పాతికేళ్లుగా ట్రాక్టర్లకు, లారీలకు సీట్లు కుడుతున్నాను. నాకు తెలిసిన ముక్క ఒకటే. మెత్తగా ఉన్నదల్లా సుఖం కాదు. కొత్త డ్రైవర్లు వచ్చి "మెత్తగ కుట్టు పోశన్నా, దూది లెక్క ఉండాలె" అంటారు. నెల తిరక్కుండా నడుం పట్టుకుని వస్తారు. మెత్తటి సీటు కూర్చోగానే దిగిపోతుంది, ఇక మనిషికి కింది రేకే దిక్కు. ఒంటి బరువును మోసేది సుఖం. నీకు కావాల్సింది మోసే పరుపు.

సోమవారం నిజామాబాద్ వచ్చాను. నీ బడి ముందు నుంచే ఆటోలో పోయాను. కలిసే రోజు కాదు కదా, గేటు వైపు చూసి ఊరుకున్నాను. గాంధీ చౌక్ వెనక సందులో బూట్లు, గుడారాలు అమ్మే దుకాణం ఒకటుంది. ముందు చుట్ట చుట్టే స్పాంజి చూపించాడు. వేలంత మందం. బొటనవేలితో నొక్కితే నేల తగిలింది. వద్దన్నాను. మడత పెట్టేది వెన్నెల లాగా మెరిసింది కానీ పక్కకు తిరిగితే తుంటి కింద గట్టిగా ఒత్తింది. చివరికి గాలి ఊదేది తీశాడు. నాలుగు వేళ్ల మందం. ఊదేసరికి నాకు ఆయాసం వచ్చింది. "లేటో చాచా, లేటో" అని, పడుకోమంటూ దుకాణం నడుమ పరిచాడు.

ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. వచ్చేపోయే వాళ్లు నా మీదుగా దాటుకుంటూ పోయారు. తుంటి కిందికి చెయ్యి దూర్చి చూశాను. నేలకూ నాకూ మధ్య రెండు వేళ్లు ఖాళీ ఉంది. ఇదే నీ పరుపు అనుకున్నాను. కదిలితే కొంచెం కరకరమంటుంది, అంతే దాని దోషం. మడిస్తే టిఫిన్ డబ్బా అంత.

తెచ్చాక దుకాణంలో ఇంకోసారి పరీక్ష పెట్టాను. చెరుకు లోడు మిల్లుకు తీసుకుపోతూ సాయన్న చాయ్ తాగడానికి ఆగాడు. తొంభై కిలోల మనిషి. "జరసేపు దీని మీద ఒరుగు" అన్నాను. ఒరిగినవాడు గురక పెట్టాడు. వెనక నాలుగు ట్రాక్టర్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. అంతలో మీ అవ్వ అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. "గిదేంది, దుకాన్ల మనుషుల్ని పండవెడుతున్నవు? సీట్లు కుట్టుడు బందు జేసినవా?" అని అడిగింది. గిరాకీ సామాను అని అబద్ధమాడాను. ప్రభువు క్షమించాలి.

రెండో ఆదివారం, కలిసే రోజున, మీ అన్న రాజ్ కిరణ్‌తో పంపుతాను. భయపడకు బిడ్డా. నీ కాలు మీద నీకు లేని నమ్మకం ఆ పరుపు మీద నాకుంది.

నీ మేలు కోరే,
బాపు

---

నిజామాబాద్,
9 డిసెంబర్ 2024

ప్రియమైన బాపుకు,

నిన్న అన్న తెచ్చి ఇచ్చాడు. ఊదుకుని పది నిమిషాలు పడుకున్నాను, కుడి పక్కకే అనుకో. ఎంత హాయిగా ఉందో! కావ్య కూడా పడుకుంటానంది, ఇవ్వలేదు. తనది చుట్ట చుట్టే రకం. దాన్ని చూసి నీ బొటనవేలు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మూలన ఎర్ర దారంతో నా పేరు, తరగతి, హాస్టల్ నంబరు కుట్టావు చూడు, అందరూ దాన్నే చూస్తున్నారు. ఇక్కడ బకెట్ మీద పేరు లేకపోతే సాయంత్రానికి అది ఇంకొకరిది అవుతుంది. పరుపుకు ఆ భయం లేదు.

ఇంకా ఐదు రోజులు. దీని మీద పడుకుంటే నాకు ఏమీ కాదనిపిస్తోంది. నిన్నటి నుంచి అన్నం కూడా సరిగ్గా తింటున్నాను.

కొండంత ధైర్యంతో,
ఎస్తర్

---

బోధన్,
17 డిసెంబర్ 2024

ఎస్తర్ తల్లీ,

ఆదివారం నువ్వు ఫోన్ చేసి "బాపూ, గాలి పోయింది" అన్నావు. ఆ ఒక్క మాటతో ఫోన్ ఆగిపోయింది. తిరిగి చేస్తే మోగలేదు. వార్డెన్ మేడమ్ నంబరు రెండుసార్లు నొక్కి రెండుసార్లూ కట్ చేశాను. ఏం వినాల్సి వస్తుందోనని ధైర్యం చాలలేదు.

గాలి ఎలా పోయిందో నాకు అర్థమైంది. రాజ్ కిరణ్‌తో చెబితే వాడు అన్నం తినడం ఆపి నా మొహం చూశాడు. "బాపూ, గాలి పరుపుకు సూది వెట్టినవా?" అన్నాడు. పెట్టాను బిడ్డా. పాతికేళ్లలో నా చేతికి వచ్చిన ఏ సీటూ, ఏ పరుపూ కుట్టు పడకుండా గడప దాటలేదు. అంచు పట్టీలోకి గాలి రాదని నాకు తెలుసు, అందుకే అంచు మీదే మొదలుపెట్టాను. కానీ నీ పేరు, తరగతి, నంబరు అన్నీ పెద్ద అక్షరాలతో కుట్టాలన్న ఆశకు ఆ అంచు చాలలేదు. చివరి కుట్లు రెండు లోపలికి దిగాయి. అప్పుడే అనుమానం వచ్చింది. దారం గట్టిగా బిగించి, చేత్తో నొక్కి చూసి, ఏం కాదులే అనుకున్నాను. ఇంత పనివాడిని, సైకిల్ ట్యూబుకు సూది పెట్టకూడదని చిన్నపిల్లలకు తెలిసింది నాకు తెలియకపోయింది.

ఇంకా ఒకటి చెప్పాలి. ఆదివారం నీ మాట వినగానే, ఒక్క క్షణం, నా గుండె తేలికపడింది. బిడ్డ ఇక కొండలెక్కదు, ఎక్కడా పడదు అనుకున్నాను. మరుక్షణం నా చెంప నేనే కొట్టుకోవాలనిపించింది. నీ కళ్లల్లోంచి మంచు తీసేసి సంతోషపడే తండ్రి ఎవడైనా ఉంటాడా?

నీ కాలు విరగడానికీ మూలం నేనే. ఊళ్లో పిల్లలందరూ నడిచే ట్రాలీ నుంచి చెరుకు గుంజుతారు. నిన్ను మాత్రం ఐదో ఏట భుజాన ఎక్కించుకుని నేనే నేర్పాను. "సూడు, నా బిడ్డె మొగపిల్లల కంటె ముందుగాల గుంజింది" అని చాయ్ హోటల్ దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. నువ్వు పడ్డ రోజు నుంచి ట్రాలీ చప్పుడైతే తల వంచుకుని కుట్టుకుంటాను. రెండేళ్లుగా ఈ మాట ఎవ్వరితోనూ అనలేదు. ఇప్పుడు ఈ పరుపుతో రెండోసారి నీ కాలికి అడ్డం పడ్డాను.

మీ మేడమ్‌కు నేనే వచ్చి తప్పు నాదని చెబుతాను. ఇంకొక అవకాశం ఇవ్వమని చేతులు జోడిస్తాను. కోపముంటే తిట్టి రాయి. కానీ రాయకుండా మాత్రం ఉండకు.

తలెత్తుకోలేని,
మీ బాపు

---

నిజామాబాద్,
20 డిసెంబర్ 2024

నా పిచ్చి బాపుకు,

మేడమ్ దగ్గరికి రాకు, చేతులు జోడించకు, చెంప అసలే కొట్టుకోకు. పన్నెండు మంది పేర్లు నోటీసు బోర్డు మీద అంటించారు. మూడో పేరు నాది!

హాస్టల్ ఫోన్ ఆదివారం నుంచి పాడైంది. నేను ఏ సంగతైనా మొదటి నుంచి చెప్పే మనిషిని కదా. ముందు గాలి పోయిందని చెప్పి, తర్వాత అసలు సంగతి చెప్పి నిన్ను ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఆ ఫోన్‌కు నా కథ వినే ఓపిక లేకపోయింది. సోమవారమే ఒక ఉత్తరం రాసి ఆఫీసు డబ్బాలో వేశాను. టపా వారానికోసారే పోతుందట, అది ఇంకా డబ్బాలోనే ఉంది. ఇవాళ నీ ఉత్తరం రాగానే దాన్ని వెనక్కి తీసుకుని, చింపేసి, ఇది రాస్తున్నాను. కావ్య వాళ్ల నాన్న సాయంత్రం బోధన్ వస్తున్నాడు. ఆయన చేతికే ఇస్తాను.

ఇప్పుడు విను. పడుకునేటప్పుడు పరుపు బ్రహ్మాండంగా ఉంది. ఎప్పుడు దిగిపోయిందో నాకు తెలియదు. తెల్లారి మేడమ్ ఈల వేసేసరికి నా కింద పరుపు అట్టు లాగా అయిపోయి ఉంది. చలి వీపులోంచి పాకుతోంది. కళ్లు తెరిస్తే గుడారం గుడ్డ కనపడాలి కదా, కావ్య మొహం కనపడింది. ఒక్క నిమిషం దాకా అర్థం కాలేదు. నేను ఎడమ పక్కకు తిరిగి ఉన్నాను బాపూ. విరిగిన కాలు కిందికి, నేల మీదికి. తొడ కింద రేగ్గింజంత రాయి కూడా ఉంది.

భయంతో కాలు కదపలేదు. "లేస్తవా, గుంజాల్నా?" అంది కావ్య. "ముట్టకు, నా కాలు పోయింది" అన్నాను. అది బయటికి పరుగెత్తి మేడమ్‌ను పిలుచుకొచ్చింది. మేడమ్ వంగి చూసి, "నొస్తుందా?" అని అడిగింది. ఎక్కడ నొస్తుందో వెతుక్కున్నాను. తుంటి దగ్గర చూశాను, మోకాలి దగ్గర చూశాను. ఎక్కడా దొరకలేదు. రాయి ఒత్తిన చోట ఎర్రటి మచ్చ ఉంది, అంతే. "లేదు మేడమ్" అని ఏడ్చాను. "నొస్తలేదని ఏడ్చేటిదాన్ని నిన్నే జూసిన. లే, మొకం కడుక్కో" అంది.

ఆరు కిలోమీటర్లు నడిచాను. మొదటి కిలోమీటరంతా కుంటు ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అని ఎదురుచూశాను. తర్వాత మరిచిపోయాను. నీ పరుపు బాగా ఉండి ఉంటే నేను దాన్నే నమ్ముకుని పోయేదాన్ని. నా కాలు బాగుపడ్డ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అలాగని మళ్లీ సూది పెట్టకు. మేడమ్ రబ్బరు బిళ్లలు అతికించి గాలి నిలిపింది. అక్కడ కింద మంచు ఉంటుంది, దాని అవసరం ఉంటుంది.

ఒక్క క్షణం గుండె తేలికపడిందని రాశావు. చదివి నిజంగా కోపం వచ్చింది. మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా కోపంగానే ఉన్నాను. తర్వాత గుర్తొచ్చింది. పరీక్షకు ముందు రోజు నేనూ, వాన పడి ఇదంతా ఆగిపోతే బాగుండు అనుకున్నాను. ఇద్దరం భయపడ్డాం. ఇద్దరం బతికే ఉన్నాం. లెక్క సరి.

చెరుకు సంగతి. గుంజడం నువ్వు నేర్పావు. పడటం నా సొంత తెలివి. ఆ రోజు ట్రాలీ ఆగేదాకా ఆగమని అన్న మొత్తుకున్నాడు, నేనే వినలేదు. ఇక నుంచి ట్రాలీ పోతుంటే తలెత్తి చూడు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు సాయన్ననే ట్రాలీ ఆపమని అడిగి, ఒక చెరుకు గడ ఇప్పించుకుందాం. దుకాణం మెట్ల మీద కూర్చుని ఇద్దరం తిందాం. శిబిరం సంగతి అవ్వకు ఆ సాయంత్రమే నేను చెబుతాను. నువ్వు నా వెనక నిలబడితే చాలు.

నిన్న కూడా ఎడమ పక్కకే తిరిగి పడుకున్నాను, దిండు లేకుండా, కావాలనే. కావ్య రెండేళ్లుగా నా పక్క మంచంలో ఉంది. అది నిద్రలో నవ్వుతుందని నాకు నిన్ననే తెలిసింది.

ఇక హాయిగా నిద్రపో బాపూ,
నీ ఎస్తర్