ఉమైర్ మీద గెలిచాను

అమ్మా, నేను బాగానే ఉన్నాను. ఫోనులో చెప్పలేక కార్డు రాస్తున్నాను.

పెద్ద పోకర్ టోర్నమెంట్ గెలిచాను, మిఠాయిలు పంచకు. చివరి ఆటలో నా ఎదుట కూర్చున్నది నాకీ ఆట నేర్పిన ఉమైరే. ఓడిపోయాక నాతో మాట్లాడకుండా గదికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే గుండె ఆగి చనిపోయాడు. భార్య శిఫా ఇక్కడ దోహా పక్కనే లుసైల్‌లో ఉద్యోగం చేస్తోంది కదా, శవం వెంట నేనే దోహా వచ్చాను. నిన్న ఖననం చేశాం.

"నీ మీద కోపంతోనే పోయిండా, అమర్?" అని శిఫా అడిగింది.

"లేదు భాభీ, నన్ను అలుముకొని సాబాస్ అన్నడు" అని అబద్ధం చెప్పాను.

నీ బీపీ మాత్రలు మానకు. హన్మకొండ వెళ్ళి ఉమైర్ వాళ్ళమ్మ సుర్రయ్యా దగ్గర కూర్చో. అడిగితే నువ్వూ అదే చెప్పు. ఆమెకు సలాం చెప్పమనడానికి నాకు ముఖం చెల్లడం లేదు.

నీ అమర్