కారు అమ్మకం గురించి బావగారికి

పి.గన్నవరం

బావగారికి నమస్కారాలు. ఫోన్లో మీ మాటకి ఎదురు చెప్పలేక ఇలా రాస్తున్నానండీ. మీ తమ్ముడి కారు చూడ్డానికి ఆదివారం కొనే పార్టీని పంపుతానన్నారు. దయచేసి పంపకండి.

మోటారుసైకిల్ మీంచి పడి ఆయన ఎడమకాలు చచ్చుబడ్డాక, ఇంక ఆ క్లచ్ ఎవరు తొక్కుతారన్నారు మీరు. నేను తొక్కుతున్నానండీ. వేసవి నుంచి నేర్చుకుంటున్నాను.

ఉన్నమాట చెబుతాను, అది సుఖమైన కారు కాదు. ఆయన జపాన్ నుంచి సామాను తెప్పించి టర్బో బిగించేరు కదా, దానికి తగ్గట్టు వేసిన ఆ బిగుతు క్లచ్ దెబ్బకి నా మోకాలు వాచింది. ప్రతి స్పీడ్ బ్రేకరుకీ అడుగు గీసుకుంటుంది. దాని మోతకి గట్టు మీది గేదెలు కాలవలోకి దూకేస్తున్నాయి.

మొన్న ఆయన పక్కసీట్లో ఉండగా, అక్విడెక్టు వంతెన దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే గట్టిగా తొక్కేను. ఒక్కసారిగా నన్ను సీటుకి అదిమేసింది. భయపడి కాలు తీసేశాను. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నించీ ఊఁ, ఆఁ తప్ప మాట్లాడని మీ తమ్ముడు, "కాలు తియ్యకు, థర్డ్ వెయ్యి. ఇంజను అడుగుతోంది, వినబడట్లేదా?" అని కసిరేరు. ఇంటికొచ్చేదాకా తిడుతూనే ఉన్నారు. నాకు ప్రాణం లేచొచ్చిందండీ.

బండి కాగితాలు నా పేరు మీదే ఉన్నాయి. నేను సంతకం పెట్టను.

ఆదివారం మీరే రండి. రాజమండ్రి స్టేషనుకి నేనే కారు తెస్తాను. వెనకసీటు పేరుకే ఉంది, మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. ముందుసీటు మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వరు.

మీ మరదలు