ఆకుపచ్చ వైరు

ఆదివారం రాత్రి, ఫార్మింగ్టన్ హిల్స్

పాత పికప్ ట్రక్కు వెనకభాగం కోసి చేస్తున్న ట్రైలర్‌కి ఈరోజు లైట్లు బిగించాను. లైట్లన్నీ వెలిగితేనే నంబర్ ప్లేట్ ఇస్తారు. అదొస్తేనే సామాను మోరిస్‌విల్‌కి తీసుకెళ్ళగలం. ఉద్యోగం పోయాక ఈ దేశంలో ఉండడానికి వీసా ఇచ్చే అరవై రోజుల్లో నలభై అయిపోయాయి. అక్కడి కొత్త కంపెనీ నా వీసా పేపర్లు వేస్తానంది, ఇంకా వేయలేదు.

నా భార్య సునీత, ట్రైలర్ తగిలించిన కారులో కూర్చుని కుడి ఇండికేటర్ వేసింది. ట్రైలర్ లైటు వెలగలేదు, ఫ్యూజ్ కొట్టేసింది. గంట వెతికితే తప్పు దొరికింది. ఆకుపచ్చ వైరును ఛాసిస్‌కి, అంటే కింది ఇనప చట్రానికి, బిగించాను. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో నేర్పిందే, ఆకుపచ్చంటే ఎర్త్. ఇక్కడి ట్రైలర్లకి తెల్లది ఎర్త్, ఆకుపచ్చది కుడి ఇండికేటర్‌కి.

"ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళయినా చెయ్యి అటే పోయిందా?" అంది సునీత. నవ్వలేదు.

వైర్లు మార్చి, ఫ్యూజ్ కొత్తది వేశాక లైటు వెలిగింది.

"ఆ కంపెనీ వాళ్ళు పేపర్లు ఫైల్ చేస్తారా, లేదా? షూర్ అయితే చెప్పు, కిచెన్ ప్యాక్ చేస్తా," అంది కారు దిగుతూ.

మాడిన ఫ్యూజ్ జేబులో వేసుకున్నాను. ఇద్దరం ఇండికేటర్ ఆపడం మర్చిపోయి నిలబడ్డాం. చక్రాలకి ఇటుకలు అడ్డుపెట్టిన ట్రైలర్, కుడివైపు తిరుగుతానంటూ చాలాసేపు ఆరి వెలుగుతూనే ఉంది.